కప్పతల్లి బుట్టలో మా చెట్టుకప్పలు

1957 జూలై రెండో సోమవారం, పగలు పదకొండుంబావుకు, కర్నూలులో మా కాలేజీ జంతుశాస్త్రం ల్యాబు వాకిట్లో పాతికమంది ఆడవాళ్లు ఒక రోకలి పట్టుకుని నిలబడ్డారు. పాతిక అన్నది నేను లెక్కపెట్టిన సంఖ్య. మా హెడ్డు వామనరావు గారు తర్వాత చాలా ఏళ్లు ఈ కథ చెబుతూ వందమంది అనేవారు. వంద కాదు, పాతిక. రోకలి మాత్రం ఆయన కథలోనూ ఒకటే.

నేను అక్కడ డెమాన్‌స్ట్రేటరుని. ముందు నిలబడిన ఆవిడ పేరు మద్దిలేటమ్మ. కొండారెడ్డి బురుజు వెనక వీధిలో రెండు బర్రెలను పెట్టుకుని ఇళ్లకు పాలు పోసేది.

"పంతులమ్మా, ఒక కప్పనియ్యి," అంది.

"కప్పెందుకు?"

"ఎందుకా? యా ఊరమ్మా నీది?"

"రాయచోటి."

"రాయచోటా! ఆడ మాకంటే కరువు గదమ్మా. కప్పతల్లి ఎందుకో నీకు నేను చెప్పాల్నా?"

చెప్పక్కర్లేదు. వానలు మొహం చాటేసిన ఏడు మా వైపూ అదే పని చేస్తారు. కప్పను వేపమండలతో కలిపి రోకలికి కట్టి, ఇద్దరు చెరో కొస భుజాన పెట్టుకుని పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆవిడా బయటికొచ్చి చెంబెడు నీళ్లు కప్ప మీద కుమ్మరించి, చేటలో ఇన్ని జొన్నలు పోస్తుంది. ఆ ఏడు జూన్ అంతా ఒక్క చినుకు లేదు. చిక్కు ఏమిటంటే ఊళ్లో కప్ప కూడా లేదు.

"తుంగభద్ర మడుగులన్నీ గాలించినాము. ఒగటీ లేదు. చేపల ఖాజా చెప్పినాడు, కప్పలన్నీ ఎండాకాలం ముందే మీ బడికి పోసినాడంట," అంది మద్దిలేటమ్మ.

ఖాజా మాకు కప్పలు తెచ్చిచ్చేవాడు. చెప్పింది నిజమే. ఆ కప్పలన్నీ ఏప్రిల్ పరీక్షల్లో కోతకు అయిపోయాయి, మిగిలినవి గాజుసీసాల్లో ఉన్నాయి. ఆడవాళ్లు కిటికీలోంచి ఆ సీసాలను చూశారు.

"ఊరి కప్పలన్నీ మీరు ఊరగాయ పెట్టుకుంటే ఇంగ వాన యాడొస్తాదమ్మా?" అంది వెనకనుంచి ఒకావిడ.

వామనరావు గారు బయటికొచ్చారు. ఆయనది గుంటూరు వైపు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడటం మాత్రం రాదు. "చూడండమ్మా, కప్పకూ వానకూ ఏ సంబంధమూ లేదు," అన్నారు.

"సంబంధం లేకుంటే ఇంగేమప్పా, ఇచ్చెయ్యి. సంబంధం లేనిది నువ్వు పెట్టుకొని ఏం జేస్తావు?"

 అంతలో ఒకావిడ కిటికీ ఊచల్లోంచి వేలు చూపించి, "అదో, ఆ పంజరంలో రెండుండాయి, బతికినేటివి!" అని అరిచింది. పాతికమందీ వరండాలో చతికిలబడ్డారు. ప్రిన్సిపాలు గది వరండా అవతలి చివర్న. వామనరావు గారు ఆ తలుపు వైపు ఒకసారి చూసి, "ఇచ్చెయ్యండి కమలమ్మగారూ, రెండు గంటల్లో తెచ్చేస్తారు," అన్నారు.

"సార్, వచ్చే సోమవారం కమిటీ."

"ఈ నిమిషంలో ప్రిన్సిపాలండీ."

పై అధికారి భయపడుతున్నప్పుడు ఎన్ని కారణాలు చెప్పినా చెవికెక్కవు. ఈ ఉద్యోగంలో చేరబోయే పిల్లలు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది. ఇచ్చేశాను.

ఆ రెండు కప్పలు

డెమాన్‌స్ట్రేటరు పని అంటే తెల్లకోటు వేసుకుని కత్తెర పట్టుకోవడం అనుకుంటారు. అది వారానికి మూడు గంటలు. మిగతా పనంతా జంతువును సంపాదించడం, సంపాదించినదాన్ని తరగతి రోజుదాకా చావకుండా చూడటం. పుస్తకంలోని కప్ప లెక్చరరుది. ఎండకు వాడిపోతూ కళ్లు మూసుకునే కప్ప మనది. ఫార్మలిన్ వాసనకు ఇంట్లో వాళ్లు ముక్కు మూసుకుంటే నొచ్చుకోకూడదు. నాకు పదేళ్లపాటు పెరుగన్నంలోనూ అదే వాసన వచ్చేది.

ఆ రెండూ చెట్టుకప్పలు. మే నెలలో నేనూ, వామనరావు గారూ, ఆయన భార్యా ఆత్మకూరు దాటి నల్లమలలో ఒక అటవీ బంగళాకు వెళ్లాం. పగలంతా వెదురుపొదల్లో, లోయల్లో, బండల కింద వెతికాం. దొరకలేదు. సాయంత్రం వామనరావు గారు స్నానాలగదిలోకి వెళ్లిన కాసేపటికి పెద్ద కేక. పరుగెత్తాం. తలుపు అవతలనుంచి, "నా వీపు మీద ఉంది! మీరు రాకండి! ఎవరైనా రండి!" అని ఒకే గుక్కలో అన్నారు. ఆయన భార్య లోపలికెళ్లి చెంబు బోర్లించి పట్టుకొచ్చారు. అది ఆడది. మగది దూలం సందులో దొరికింది. తడిగుడ్డ పరిచిన టిఫిన్ క్యారియర్లో పెట్టి బస్సులో తెచ్చాం.

గోధుమరంగు ఒళ్లు, తొడల వెనక పసుపు చుక్కలు, వేళ్ల చివర గుండ్రటి మెత్తలు. ఆ మెత్తలతో గాజు మీదైనా నిలువుగా ఎక్కేస్తుంది. దీని గొప్పంతా గుడ్లు పెట్టడంలో ఉంది. నీళ్లలో పెట్టదు. నీళ్ల మీదికి వంగిన కొమ్మను చూసుకుని, వెనక కాళ్లతో చిలికి తెల్లటి నురగ చేసి, ఆ నురగలో పెడుతుంది. గుడ్లు అందులోనే పగిలి, తోకలొచ్చాక పిల్లలు కింద నీళ్లలోకి రాలతాయి.

ఇక కమిటీ సంగతి. మా కాలేజీలో జంతుశాస్త్రం డిగ్రీ తరగతి లేదు. పెట్టనిమ్మని దరఖాస్తు చేశాం. విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి ల్యాబు చూసి తేల్చాలి. అప్పటికి మా దగ్గర ఇంటర్ ముగించి ఆ తరగతి కోసం కాచుకున్న ఆడపిల్లలు ఆరుగురు. వాళ్లను చదువు కోసం ఊరు దాటించే ఇల్లు ఒక్కటీ లేదు. అందరిలోకీ చురుకైనది కుల్సుంబీ. వాళ్ల నాన్న కరీంసాబుకు పాతబస్తీలో గొడుగుల దుకాణం. ఆయన నాతో ముఖాముఖీ చెప్పాడు: "ఈడ తరగతి పెడితే సదివిస్తా మేడమ్, ఎన్నేండ్లయినా సరే. ఊరు దాటి మాత్రం పంపీను. కోపం చేసుకోవద్దు." కోపం దేనికి? తరగతి వస్తే కుల్సుంకు చదువు, రాకపోతే ఇల్లు. అంత సూటి లెక్క.

వామనరావు గారు దరఖాస్తులో, మా ల్యాబులో నల్లమల చెట్టుకప్పలు గూడుకట్టి పిల్లల్ని చేస్తున్నాయని రాసేశారు. జరగబోయేదాన్ని జరిగినట్టు రాయడం ఆయన బలహీనత. కప్పలకు ఆ దరఖాస్తు సంగతి తెలియదు. పంజరంలో కొమ్మ పెట్టాం, కింద బేసిన్లో నీళ్లు పెట్టాం, పురుగులు పట్టి వేశాం. అవి పంజరం పైకప్పుకు అతుక్కుని, ఎండిన సపోటా తొక్కల్లా ముడుచుకుని కూర్చున్నాయి. ఆరువారాలు కూత లేదు, కదలిక లేదు.

ఊరేగింపు

కప్పను కాలికి తాడు కట్టి వేలాడదీయడం, ఒంటికి పసుపు పూయడం వాడుక. ఆ రెండూ వద్దన్నాను. కప్పకు చర్మమే సగం ఊపిరి. మద్దిలేటమ్మ కాసేపు వాదించి, "సరేలే, నీ కప్పలు నీ ఇష్టం. బొట్టు రోకలికి పెడతాంలే," అంది. కుల్సుం పరుగున వెళ్లి దుకాణం నుంచి ఒక వెదురుబుట్ట తెచ్చింది. అందులో వేపమండలు కుక్కి, కప్పల్ని పెట్టి, పైన చేపలవల గుడ్డ బిగించి రోకలికి కట్టాం. వాటికి కాపలాగా నేనూ కుల్సుం వెంట నడిచాం.

కరీంసాబు దుకాణం ముందు ఊరేగింపు ఆగింది. ఆయనే రెండు బిందెలు బయట పెట్టించాడు.

"ఏమప్పా సాయిబూ, మా దేవరకు నువ్వు నీళ్లు పోపిస్తాండావు?" అని ఎకసెక్కం చేసింది మద్దిలేటమ్మ.

"దేవర నీదైనా గొడుగులు నావి గదక్కా! ఇంగో బిందె కావాల్నా చెప్పు."

ఇంటింటికీ చెంబులు పడుతున్నాయి. ఎన్ని ఇళ్లో రాసుకుందామనుకున్నాను గానీ కాగితం తడిసిపోయింది. ఏడెనిమిది ఇళ్లు దాటాక బుట్టలోంచి ఒక చప్పుడు వచ్చింది. ఎండుకర్ర మీద గోరుతో కొట్టినట్టు, టక్, టక్, టక్. పాట ఆగిపోయింది.

"పలుకుతాండాది! గంగమ్మ పలుకుతాండాది!"

నేను వల ఎత్తి చూశాను. ఆరువారాలు తొక్కల్లా పడున్నవి ముదురురంగుకు తిరిగి మెరుస్తున్నాయి. మగది గొంతు ఉబ్బించి కూస్తోంది. మళ్లీ రెండు ఇళ్లు దాటేసరికి ఆడదాని వీపెక్కి చేతులతో చుట్టి పట్టుకుంది.

మద్దిలేటమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి, "ఓయమ్మా! మనం పెండ్లి జేయకముందే వీడు కాపురం పెట్టినాడే!" అంది. వీధంతా నవ్వు. ముసలావిడ ఒకామె, "బాగా పట్టుకోరా నాయినా, ఇడిస్తే మల్లీ దొరకదు," అని దీవించింది. కుల్సుం ఓణీ నోట్లో కుక్కుకుని, కళ్లవెంట నీళ్లు వచ్చేలా నవ్వి, "మేడమ్, ఇది పరీక్షలో వస్తే ఎట్ల రాయాల?" అని అడిగింది.

"ఇప్పుడు చూసింది చూసినట్టు రాయి. ముసలావిడ మాట మాత్రం వదిలెయ్యి," అన్నాను.

ఆ క్షణంలో నాకు తట్టింది ఇది: కప్పకు నీళ్లు ఉండటం వేరు, నీళ్లు పడటం వేరు. మేము బేసిన్ నిండా నీళ్లు పెట్టి, చక్కగా ఏర్పాటు చేశామనుకున్నాం. అవి కాచుకున్నది మీద పడే నీళ్ల కోసం. ఆడవాళ్లు వాన కోసం చేసింది కప్పలకు వానగా తోచింది. ఆకాశానికి తెలిసిందో లేదో నేను చెప్పలేను. కప్పలకు మాత్రం తెలిసింది.

రెండు గంటలన్నది ఐదు గంటలైంది. ఊరేగింపు మద్దిలేటమ్మ పెరట్లో ముగిసింది. బర్రెలు నీళ్లు తాగే రాతితొట్టి మీదికి వంగిన చింతకొమ్మకు బుట్టను వేలాడదీసి, వల విప్పింది. కప్పతల్లి ఆ పూటకు నీళ్ల మీదే ఉండాలట. గొడుగు వేసుకుని వచ్చిన వామనరావు గారు ఇవ్వమని అడిగారు. "తెల్లారి ఇస్తా పో అప్పా, కప్ప యాడికి పోతాది, నీ మాదిరి బస్సెక్కి గుంటూరు పోతాదా?" అంది. ఆయన గొడుగు మూసి వచ్చిన దారినే వెళ్లారు.

నురగ

మంగళవారం పొద్దున నేను వెళ్లేసరికి మద్దిలేటమ్మ నడుమున చేతులు పెట్టుకుని కోడలిని తిడుతోంది. "యా మొగమే నీది! సాకలి సబ్బు నురగ తెచ్చి కప్పతల్లి మీద ఎవురన్నా పోస్తారా?"

"నేను పోయలేదత్తా!"

నిజంగానే పోయలేదు. బుట్ట అంచునుంచి బయటికి వేలాడుతున్న వేపమండకు పిడికిలి కన్నా పెద్దగా తెల్లటి నురగముద్ద అంటుకుని ఉంది. సరిగ్గా తొట్టి నీళ్లకు పైన. ఇది గుడ్ల గూడని చెప్పాను. మద్దిలేటమ్మ తిట్లు ఆపి, కొంగు నడుముకు చుట్టుకుని, దండం పెట్టింది. తర్వాత కోడలిని పిలిచి, "నిన్ను గాదులే," అంది. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అంతే.

గంటలో వామనరావు గారు కత్తెరతో వచ్చారు. మండను కత్తిరించి ల్యాబుకు పట్టుకెళ్లాలి, గాజుతొట్టిలో పెట్టాలి, కమిటీకి చూపించాలి.

మద్దిలేటమ్మ అడ్డం నిలబడింది. "కట్టిన మండ కోస్తే వచ్చే వాన ఎనిక్కి పోతాది. చెయ్యి పెట్టు, చూస్తా."

"అమ్మా, ఇది ప్రభుత్వ..."

"ఏందప్పా ప్రభుత్వం? కాపురం జేసింది నా ఇంట్లో!"

ఆయన నా వైపు తిరిగారు. నేను మండ కొయ్యవద్దన్నాను. నా కారణం వాన కాదు. ఆ నురగ కుదుపుకు జారిపోతే లోపల గుడ్లు ఎండకు ఒక్క పూట ఆగవు. మళ్లీ పెట్టించడానికి వ్యవధి లేదు. "సార్, కమిటీనే ఇక్కడికి తెద్దాం."

"బర్రెల కొట్టంలోకా? దరఖాస్తులో ల్యాబు అని రాశానండీ!"

నా వెంట వచ్చిన కుల్సుం, "సార్, అక్కడైతే చచ్చిన గుడ్లు చూపిస్తాం. అప్పుడు దరఖాస్తు అబద్ధమైతాది. ఇక్కడైతే చోటు ఒక్కటే తప్పు," అంది. వామనరావు గారు కత్తెర జేబులో వేసుకున్నారు. పిల్ల చెప్పిన మాటను ఒప్పుకునే లెక్చరర్లు నా ఉద్యోగంలో తక్కువమంది తగిలారు. ఆయన ఒకరు. దరఖాస్తు విషయంలో ఎంత విసుక్కున్నా, ఈ మాట ఆయన ఖాతాలో వేయాలి.

ఆరు రోజులు కుల్సుం రెండు పూటలా వచ్చి గూడు చూసి బొమ్మ గీసేది. తెల్లటి నురగ పైన ఎండి, గోధుమరంగు పెచ్చు కట్టింది. పైన పెచ్చు, లోపల తడి. మద్దిలేటమ్మకు అనుమానం వచ్చింది. "సచ్చినాయేమో పిల్లా?" కుల్సుం కాగితం ముక్క గొట్టంలా చుట్టి, వెలుగుకు ఎదురుగా ఆవిడకు చూపించింది. లోపల నల్లటి కళ్లు కదిలాయి. "ఓయమ్మో, చూస్తాండాయి!" అని ఆవిడ వెనక్కి గెంతింది. ఆ రోజునుంచి బర్రెలను తొట్టి దగ్గరికి రానివ్వకుండా బకెట్లతో నీళ్లు పెట్టింది.

కమిటీ

సోమవారం కమిటీ పేరుతో వచ్చింది అరవై దాటిన ప్రొఫెసరు ఒక్కరే, వెంట ఒక గుమాస్తా. గట్టి మనిషి. ల్యాబులో సీసాలు, సూక్ష్మదర్శినులు అన్నీ చూసి, "చెట్టుకప్పలెక్కడ?" అన్నారు. వామనరావు గారు నా వైపు చూశారు. నేనే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ల్యాబు పరిశీలనకు వచ్చినవాణ్ని గొడ్లచావిడికి రమ్మంటారా?" అన్నారు. అయినా వచ్చారు. ఆ వయసులోనూ కప్పను చూడాలనే ఆశ చావకపోవడం ఆ మనిషిలో నాకు నచ్చింది.

పెరట్లో మద్దిలేటమ్మ ముక్కాలిపీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. కుల్సుం బొమ్మలు చూపించింది. ఆయన అడగడం మొదలుపెట్టారు. గుడ్లు చెట్టు మీదెందుకు? నీళ్లలో చేపలు తినేస్తాయి కాబట్టి. నురగ దేనికి? తడి నిలవడానికి. ఎవరు చెప్పారు నీకు? "మేడమ్ సగం చెప్పినారు సార్. సగం నేను చూసినా." పిల్లలు నీళ్లలోకి ఎలా వెళతాయి? "రాలతాయి సార్. ఇప్పుడో, రేపో."

"ఇప్పుడో రేపో అంటే పరీక్షలో మార్కులెయ్యరమ్మా." గడియారం చూసుకుని లేచారు. తిరుగుబస్సు వేళ అవుతోంది. వామనరావు గారు తలవంచుకున్నారు. కుల్సుం నా వైపు చూసింది. 

మద్దిలేటమ్మ గేటుకు అడ్డంగా వచ్చింది. "యాడికి సామీ? కప్పతల్లిని చూసినోళ్లు చెంబెడు నీళ్లు పోయకుండా పోగూడదు. ఎంత పెద్దోళ్లయినా సరే." చెంబు ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన విసుగ్గా నవ్వి, వెనక్కి వచ్చి, బుట్ట మీద నీళ్లు ఒంపారు.

పెచ్చు నానింది. నురగ మెత్తబడి, కిందికి సాగి, ఒక దారంలా వేలాడింది. దాని చివరనుంచి ఒకటి టప్ మని తొట్టిలో పడింది. వెంటనే ఇంకొకటి. తర్వాత ముద్దలు ముద్దలుగా. చిన్న చిన్న తోకలు నీళ్లలో అటూ ఇటూ కొట్టుకుంటూ పరిగెత్తాయి.

ప్రొఫెసరుగారు రాతితొట్టి అంచు మీద రెండు చేతులూ ఆనించి మోకాళ్ల మీద కూర్చున్నారు. పంచె తడుస్తోందని గుమాస్తా చెప్పబోతే చెయ్యి ఊపారు. కాసేపటికి తలెత్తి, "ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. చూడటం ఇదే," అన్నారు. తర్వాత చెంబు ముందుకు చాపి, "ఇంకో చెంబు పొయ్యనా?" అని అడిగారు.

"పొయ్యి సామీ. నీ చేతి నీళ్లు మంచియి," అంది మద్దిలేటమ్మ.

ఆ తిరుగుబస్సు ఆయనకు దొరకలేదు.

ఆ నెలాఖరుకు వాన పడింది. తనవల్లే పడిందని మద్దిలేటమ్మ చనిపోయేదాకా చెప్పింది. నేను ఒప్పుకోలేదు, కాదని ఎదురు చెప్పడానికి నా దగ్గర రుజువూ లేదు. దసరా ముందు అనుమతి వచ్చింది. అయితే తరగతి ఆ ఏడు కాదు, మరుసటి ఏడునుంచి పెట్టుకొమ్మన్నారు. 1958 జూలైలో కుల్సుంబీ మొదటి బల్ల మీద కూర్చుంది. తర్వాత ఆమె డెమాన్‌స్ట్రేటరు అయింది, ఆ తర్వాత లెక్చరరు. ఆమె దగ్గర చదివిన పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

వచ్చినవి అందరూ చెబుతారు. పోయినవి నేను చెబుతాను.

ఆడకప్ప: గురువారం పొద్దున తొట్టి గట్టు మీదనుంచి కాకి ఎత్తుకుపోయింది. మగకప్ప: చింతచెట్టెక్కింది, మళ్లీ కనబడలేదు. తోకకప్పల్లో సగానికి పైగా: ఒక మధ్యాహ్నం బర్రె కట్టు తెంచుకుని తొట్టిలో మూతి పెట్టింది. కరీంసాబు వెదురుబుట్ట: నాని విడిపోయింది. వామనరావు గారి దరఖాస్తులో ఒక వాక్యం: ప్రొఫెసరుగారు స్వయంగా కొట్టేశారు.

ఆడపిల్లలకు ఒక సంవత్సరం.

ఆరుగురిలో ఇద్దరికి ఇళ్లలో ఆ సంవత్సరం ఆగకుండా పెళ్లిళ్లు చేసేశారు. వాళ్ల పేర్లు సరోజిని, రామలక్ష్మి.